అలుగు తవ్విన చెలమ

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. వానాకాలంలో ఆ వాగు చేసే హడావుడి అంతా ఇంతా కాదు. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం సద్దు ఉండదు, చుక్క నీరు ఉండదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒట్టి ఇసుక.

మరి జంతువులు ఏం తాగేవి అంటారా? చెప్తాను, తొందరపడకండి. పైన ఇసుక ఎండినా అడుగున తడి ఉంటుంది. సరైన చోట గుంట తవ్వితే నీళ్ళు మెల్లగా ఊరతాయి. దాన్నే చెలమ అంటారు. సరైన చోట అన్నాను చూడండి, కిటుకంతా అక్కడే ఉంది. ఎక్కడ పడితే అక్కడ తవ్వితే బండ తగులుతుంది. లేదంటే నోట పెట్టలేని చవుడు నీళ్ళు వస్తాయి.

ఆ అడవిలో సరైన చోటు కనిపెట్టగలిగింది అలుగు ఒక్కటే. మీరు అలుగును చూసి ఉండరు. దానికి ఒళ్ళంతా పొలుసులు, పొడుగాటి నాలుక, గునపాల్లాంటి గోళ్ళు. పళ్ళు మాత్రం లేవు. చీమలూ చెదలూ దాని తిండి. భయమేస్తే బంతిలా ముడుచుకుంటుంది, ఇక పులి వచ్చినా దాన్ని విప్పలేదు. మన కథలో అలుగు పేరు పెంచలమ్మ. ఆమెకు ఒక్కతే కూతురు, పేరు గవ్వ. అలుగులు పిల్లల్ని తోక మీద ఎక్కించుకుని తిరుగుతాయి. గవ్వ కూడా పొద్దస్తమానం తల్లి తోక మీదే సవారీ చేసేది.

పెంచలమ్మ ముందు ఇసుక వాసన చూసేది. తర్వాత గోళ్ళతో తవ్వుకుంటూ పోయేది. తడి తగలగానే నాలుక చాపి రుచి చూసేది. చవుడైతే పూడ్చేసి ఇంకో చోటికి పోయేది. తియ్యగా ఉంటే ఇంకా లోతుకు తవ్వేది. వాళ్ళమ్మ అలాగే చేసింది, వాళ్ళమ్మమ్మా అలాగే చేసింది. నాలుక పెట్టకుండా నీటి రుచి ఎలా తెలుస్తుంది చెప్పండి?

ఈ సంగతి మిగతా జంతువులకి తెలియదు. ఎందుకంటే, అలుగు తవ్వుతుంటే చూడకూడదని అక్కడ ఆచారం. చూస్తే ఆ పూట తిండి సహించదట. అందుకని అందరూ వాగుకి వీపు పెట్టి ఒడ్డున నిలబడేవాళ్ళు. చెలమ నిండాక పెంచలమ్మ గోళ్ళతో రాతి మీద టకటకమని కొట్టి, పోయి తంగేడు పొద వెనక నిలబడాలి. అప్పుడు అందరూ దిగి తాగేవాళ్ళు.

తవ్విన పెంచలమ్మకి మాత్రం అక్కడ తాగే హక్కు లేదు. అందరూ తాగాక ఓబులమ్మ అనే కొండముచ్చు మోదుగాకు దొప్పతో నీళ్ళు ముంచి తెచ్చేది. పొద వెనక గుంట పడిన బండ ఒకటుంది. అందులో ఎత్తు నుంచి పోసేది. ఎత్తు నుంచి ఎందుకంటే, దొప్ప బండకి తగలకూడదట. పోసినన్ని తాగాలి, చాలకపోతే నోరు మూసుకోవాలి.

"మనకి మాత్రం బండలో ఎందుకు పోస్తారమ్మా?" అని గవ్వ అడిగేది.

"మనం చీమలు తింటాం కదా, అందుకట."

"ఎలుగుబంటి మామ కూడా చీమలు తింటాడు గదా."

"ముందు తాగవే" అనేది పెంచలమ్మ. జవాబు తెలియనప్పుడు పెద్దవాళ్ళు ఇలాంటి మాటలే అంటారు, అది మీకు తెలియంది కాదు.

ఆ బండ దగ్గరికి ఇంకొకడు కూడా వచ్చేవాడు. ఎల్లన్న అనే ముసలి దుమ్ములగొండి. అడవిలో ఏ జంతువు చచ్చినా, దాన్ని తిని చోటు శుభ్రం చేయడం అతని బతుకు. అతని దగ్గర వాసన వచ్చే మాట నిజమే. అతన్ని చూస్తే అందరికీ కంపరం. అబద్ధం చెప్పడం ఎందుకు, పెంచలమ్మకి కూడా కంపరమే. తనూ గవ్వా తాగాకే అతను బండ దగ్గరికి రావాలి. ఒక అడుగు ముందుకేస్తే చాలు, "దూరం, దూరం" అని కసిరేది. తనని దూరం పెట్టారని కుమిలిపోయే ఆవిడే, తనకంటే కింద ఒకడు కనబడేసరికి ఏం చేసిందో చూశారా.

ఒక ఏడాది ఎండలు మరీ మండిపోయాయి. ఆ రోజు పెంచలమ్మ పొద్దుటి నుంచి తవ్వి తవ్వి చెలమ నింపింది. అందరూ కడుపారా తాగారు. ఓబులమ్మ జాడ మాత్రం లేదు. కొండ మీద మొర్రిపండ్లు పండాయని ఎవరో చెబితే అటు పోయింది. పండ్లు తినే హడావుడిలో దొప్ప సంగతే మర్చిపోయింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. తోక మీద గవ్వ మొదట నీళ్ళు కావాలని ఏడ్చింది. తర్వాత గునిసింది. తర్వాత ఏడవడం కూడా మానేసి తల వేలాడేసింది. పెంచలమ్మ పొద వెనక నుంచి ఒడ్డుకి వచ్చింది. సుంకులమ్మ అనే దుప్పి పిల్లని పక్కనేసుకుని నీడలో పడుకుని ఉంది.

"సుంకులక్కా, మా పాప సొమ్మసిల్లేట్టుంది. రెండు చుక్కలు బండలో పోస్తావా?"

"నాకు చేతులున్నాయా తల్లీ? గిట్టలతో ఎట్లా పొయ్యను?" అంది సుంకులమ్మ. అంటూనే తన పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

పెంచలమ్మ రత్నప్ప అనే నెమలిని అడిగింది. "వంగితే నా తోక తడుస్తుంది" అన్నాడు రత్నప్ప.

ఇక ఆ అడవికి పెద్ద బసవయ్య. ఆయన అడవిదున్న. ఆయన మాట అంటే అందరికీ శాసనం. పెంచలమ్మ ఆయన దగ్గరికి పోయి అడిగింది.

"ఓబులమ్మ వస్తుంది, ఆగు" అన్నాడు బసవయ్య నెమరు ఆపకుండా.

"పాప ఆగేట్టు లేదు పెద్దయ్యా."

"మా కాలంలో మీవాళ్ళు సాయంత్రం దాకా ఆగేవాళ్ళు. ఆచారం అంటే ఆగడమే."

పెంచలమ్మ తిన్నగా వాగులోకి నడిచింది, చెలమలోకి దిగింది. తోక నీళ్ళ దాకా వంచి, "తాగమ్మా" అంది. గవ్వ మూతి ముంచి గుటగుటా తాగింది. కూతురు కళ్ళు తెరిచాక తల్లి కూడా తాగింది. తను తవ్విన నీళ్ళు అంత చల్లగా ఉంటాయని ఆమెకి అప్పుడే తెలిసింది. బండలోకి వచ్చేసరికి ఎప్పుడూ వేడెక్కిపోయేవి కదా.

ఇంకేముంది, ఒడ్డు మీద గగ్గోలు. అప్పటికప్పుడు మద్దిచెట్టు కింద పంచాయితీ పెట్టారు. బిడ్డ ప్రాణం మీదికి వచ్చిందని పెంచలమ్మ చెప్పబోతే ఎవరూ వినలేదు. బసవయ్య తీర్పు చెప్పాడు.

"చెలమ మైలపడింది, పూడ్చేయండి. ఏయ్ అలుగూ, రేపు పొద్దున ఎవరి మూతీ అంటని కొత్త చెలమ తవ్వు. చేసిన తప్పుకి మూడు రోజులు నీకూ నీ పిల్లకీ బండలో కూడా నీళ్ళు లేవు."

ఆ ఎండలో మూడు రోజులు నీళ్ళు లేకపోతే గవ్వ బతకదు. అది అందరికీ తెలుసు. చెప్పిన ఆయనకీ తెలుసు.

"తవ్వను" అంది పెంచలమ్మ.

బసవయ్య తల ఎగరేశాడు. "గోళ్ళు నీకొక్కదానికే ఉన్నాయనుకున్నావా? అయితే వాగు ఛాయలకి రాకు, పో."

అడవిపంది నిండు చెలమని మూతితో ఇసుక తోసి పూడ్చేసింది. సాయంత్రం తాగాల్సిన నీళ్ళన్నీ ఇసుక పాలయ్యాయి. వాగు పొడుగునా కాపలా పెట్టారు. పెంచలమ్మ కూతుర్ని తోక మీదేసుకుని కొండవైపు నడిచింది.

మర్నాడు చూడాలి వాళ్ళ అవస్థ. ముందు అడవిపంది తవ్వింది. మూతితో కుమ్మిన కొద్దీ గట్లు కూలి దాని చెవుల దాకా ఇసుక వచ్చింది. తర్వాత కుందేలు దిగింది. మధ్యాహ్నం దాకా చక్కగా తవ్వింది. చివరికి చూస్తే అది చెలమ కాదు, తను పడుకోవడానికి బొరియ. పాపం దానికి వచ్చిన పని అదే. మూడోది ఎలుగుబంటి. అతని గోళ్ళు గట్టివి. ఇసుక ఎగజిమ్మి ఎగజిమ్మి తవ్వాడు. సాయంత్రానికి నీళ్ళు పడ్డాయి. అందరూ ఈలలు వేశారు. బసవయ్య ముందుగా మూతి ముంచి, మరుక్షణం తుపుక్కున ఉమ్మేశాడు. చవుడు. తవ్వేటప్పుడు రుచి చూడాలని వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

అక్కడ కొండ మీద గవ్వ మళ్ళీ సొమ్మసిల్లింది. పెంచలమ్మ దుంపలు తవ్వి రసం నాకించింది. ఆ రసం ఏ మూలకి? ఏం చెయ్యాలో తోచక కూతుర్ని పొట్టకి చుట్టుకుని కూర్చుంది. అప్పుడు వాసన వచ్చింది. తలెత్తి చూస్తే పది బారల దూరంలో ఎల్లన్న నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు. రావద్దని ఆవిడే కదా నేర్పింది.

"అమ్మా, అటు పక్క బండ సందులో చారెడు నీళ్ళున్నాయి" అన్నాడు. "మొన్నటి వాన చినుకులకి నిలిచినవి. నా కోసం దాచుకున్నా. పాపని తీసుకురండి."

"నువ్వు తాగావా?"

"పాప తాగనీ. మిగిలితే నేను తాగుతా. నాకు వెనక తాగడం అలవాటే."

మాట మామూలుగానే అన్నాడు, ఎత్తిపొడవడానికి కాదు. కానీ పెంచలమ్మకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. గవ్వ తాగింది. నిజంగానే చారెడే ఉన్నాయి, అడుగున నాకడానికి తడి మిగిలింది. పెంచలమ్మ పక్కకి జరిగి, "ముందు నువ్వు తాగు ఎల్లన్నా" అంది. ఆమె ఎల్లన్నని ముందు తాగమనడం అదే మొదటిసారి.

మూడో రోజు పొద్దున్నే బసవయ్య కొండెక్కి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. నాలుక పిడచగట్టుకుపోయి మాట సరిగా రావడం లేదు.

"పెంచలమ్మా" అన్నాడు. పేరు పెట్టి పిలవడానికి అంత దాహం కావలసి వచ్చింది. "సుంకులమ్మ పిల్ల లేవలేకపోతోంది. వచ్చి తవ్వు."

పెంచలమ్మకి కోపం పోలేదు. అయినా తలవేలాడేసిన బిడ్డ ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

"తవ్వుతాను పెద్దయ్యా. కానీ నేను తవ్వుతుంటే ఎవరూ వీపు తిప్పకూడదు. అందరూ చూడాలి."

"అదేం కోరిక?"

"మూతి అంటని చెలమ కావాలన్నారు కదా. ఎలా వస్తుందో మీరే చూడండి."

అందరూ ఒడ్డున నిలబడి చూశారు. పెంచలమ్మ గవ్వని తోక మీదేసుకుని ఇసుకలో దిగింది. వాసన చూసుకుంటూ పోయి ఒకచోట ఆగింది. తవ్వింది. తడి తగిలింది. అప్పుడు జానెడు నాలుక బయటికి చాపి, అందరికీ కనబడేట్టు ఆ తడిని నాకింది. "చవుడు" అని పూడ్చేసింది. ఇంకోచోట తవ్వింది, నాకింది, పూడ్చింది. మూడోచోట నాకి, "ఇది తియ్యన" అని లోతుకు దిగింది.

ఒడ్డు మీద అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఎలుగుబంటి ఒడ్డు అంచు దాకా వచ్చాడు. "అంటే, ప్రతి ఏడూ ఇట్లాగేనా?"

"మా అమ్మమ్మ కాలం నుంచీ ఇట్లాగే మామా" అంది పెంచలమ్మ. "మీరు పుట్టాక తాగిన ప్రతి చెలమలో ముందు మా నాలుకే పడింది. మీ తాతలు తాగిన వాటిలోనూ అంతే. ఎవరికైనా రోగం వచ్చిందా? తిండి సహించకుండా పోయిందా?"

రత్నప్ప ఉమ్మేయాలని చూశాడు. నోట్లో తడి లేక ఉమ్ము రాలేదు. ఓబులమ్మ చేతిలో దొప్పని ఇటు తిప్పీ అటు తిప్పీ చూసుకుంది. ఇన్నేళ్ళూ దాన్ని ఎత్తి పట్టుకున్నందుకు చెయ్యి నొప్పి తప్ప ఏం మిగిలిందా అనిపించింది ఆమెకి.

ఈలోగా నీళ్ళు ఊరాయి. గవ్వ తోక మీద నుంచే వంగి తాగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఏ మొహం పెట్టుకుని అంటారు?

బసవయ్య ఆలోచించి ఒక అడుగు ముందుకేశాడు. పెద్దరికం నిలబడాలి కదా. "సరే. తవ్వేది పెంచలమ్మే కాబట్టి, ఇవాళ్టి నుంచి ఆవిడా పిల్లా చెలమలోనే తాగుతారు. ఇది నా మాట. దుమ్ములగొండికి మాత్రం బండలోనే పోయండి. వాడేమీ తవ్వలేదుగా."

ఇప్పుడు పెంచలమ్మ ఏం చేసిందో వినండి. తనకి కావలసింది తనకి దొరికింది. కూతురు కడుపు నిండింది. చల్లగా పక్కకి తప్పుకుంటే ఇక ఏ గొడవా లేదు. ఇన్నాళ్ళ అవమానం ఒక్క మాటతో తీరిపోతుంది. పొద వెనకవైపు చూసింది. వాళ్ళ వెనకే కొండ దిగి వచ్చిన ఎల్లన్న అక్కడే ఉన్నాడు. తను వెళ్ళిపోయిన చోట ఇక అతనొక్కడే నిలబడాలి.

"నెమలి ఏం తవ్వాడు పెద్దయ్యా?" అని అడిగింది.

బసవయ్య నెమలి వైపు చూశాడు.

"సుంకులక్క తవ్విందా? మీరు తవ్వారా? దాహమేసింది, తాగారు. పని చేశానని నాకు నీళ్ళిస్తే, రేపు నా గోళ్ళు అరిగిపోయాక మళ్ళీ పొద వెనక్కి పొమ్మంటారు. నాకు కూలి వద్దు. దాహమేస్తే అందరూ తాగుతారు, అంతే. ఎల్లన్న కూడా."

అలా అని కూతుర్ని పొట్టకి చుట్టుకుని చెలమ మూతి మీద బంతిలా ముడుచుకుంది. బసవయ్య కొమ్ముతో ఒకసారి నెట్టి చూశాడు. పొలుసు కూడా కదల్లేదు. ముడుచుకున్న అలుగు సంగతి మీకు ముందే చెప్పాను.

అప్పుడు సుంకులమ్మ లేచింది. మొన్న గిట్టలున్నాయని తప్పించుకున్న దుప్పే. ఆమె పిల్ల మెడ నిలబెట్టలేకపోతోంది.

"అన్నా, ఆచారాన్ని తాగలేను" అంది బసవయ్యతో. "మొన్న ఆమె బిడ్డ ఇట్లాగే ఉంటే కళ్ళారా చూసి కూడా నేను లేవలేదు. ఆ పాపం నాకు చాలు." తర్వాత పొదవైపు తిరిగి, "ఎల్లన్నా, రా నాయనా" అని పిలిచింది.

ఎల్లన్న రాలేదు. "నాకు బండలో పోస్తే చాలు తల్లీ. నా గురించి గొడవెందుకు?"

"చాలదు" అంది పెంచలమ్మ ముడుచుకున్న చోటి నుంచే. "చాలదు ఎల్లన్నా. నేనే నిన్ను వెనక నిలబెట్టాను. నేనే పిలుస్తున్నాను, రా."

ఎల్లన్న ఒక్కో అడుగే వేస్తూ వచ్చాడు. ఎవరైనా రాయి విసురుతారేమో అని నాలుగుసార్లు ఆగాడు. ఎవరూ విసరలేదు. పెంచలమ్మ విప్పుకుని చోటిచ్చింది. సుంకులమ్మ తన పిల్లని ఒక పక్కన నిలబెట్టింది. రెండో పక్కన ఎల్లన్న నిలబడ్డాడు. చెలమలో ఎట్లా తాగాలో అతనికి తెలియదు. బండ మీద నాకడమే అలవాటు కదా. గవ్వ, "మూతి ముంచు తాతా" అని చెప్పింది. ముంచాడు. నీళ్ళు ముక్కులోకి పోయి తుమ్మాడు. దుప్పి పిల్లకి నవ్వు వచ్చింది. లేవలేని పిల్లకి నవ్వు రావడం చూసి సుంకులమ్మకి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఎల్లన్న దగ్గర వాసన మాత్రం పోలేదు. అది పెంచలమ్మకి నచ్చిందని నేను చెప్పను. ఆమె ముక్కు ముడుచుకుంది కూడా. కానీ పక్కకి జరగలేదు, దూరం అనలేదు.

ఒక్కొక్కరే దిగారు. ముందు ఎవరొస్తే వాళ్ళు తాగారు. పెద్దా చిన్నా చూడలేదు. బసవయ్య మొహం చెల్లక చివరిదాకా ఆగిపోయాడు. దిగేసరికి వరుస తంగేడు పొద దాకా సాగింది. ఆయన పోయి పొద వెనక నిలబడవలసి వచ్చింది. అక్కడ నీడ లేదు. ముందున్న వాళ్ళు తాగుతున్న చప్పుడు మాత్రం బాగా వినిపిస్తుంది. "ఇంకెంతసేపు?" అని అడుగుదామనుకున్నాడు. ఆచారం అంటే ఆగడమే అని మొన్న తనే అన్నాడు. నోరు మూసుకుని నిలబడ్డాడు.

నీతి: దాహం అందరికీ ఒకటే అయినప్పుడు నీళ్ళ మీద హక్కూ అందరికీ ఒకటే. అది మన ఒక్కరికే దొరికితే దొరికినట్టు కాదు.